గుంతల గోకరకాయ

చండూర్ల ఇల్లు కొన్న మొదటి యేడు
ఎనుక జాగల నాకు దొరికినయి:
రెండు సోడా గోలీలు,
పండ్లు లేని దువ్వెన,
ఒక చెప్పు, ఎడమ కాలుది,
సగం పలక,
దాని మీద మొలతో గీకిన ఱ.
రాళ్ళు లెక్కపెట్టలే.

చలక భూమి. పార దించితే ఖంగుమంటది.
బోరు నీళ్ళు పోస్తే మట్టి మీద
ఉప్పు లెక్క తెల్లగ పేరుకుంటది.
బడిల అన్నం వండేది నేనే గనుక
బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు
రెండు బక్కెట్లు మోసుకొచ్చి పోసేదాన్ని.
పుంటికూర మొండిది, అదొక్కటి బతికింది.
టమాట మోకాలు దాటలే.

మలియేడు మిర్గం ఎల్లిన నాలుగోనాడు
గోకరకాయ ఇత్తులు పెట్టిన.
మూడు సాళ్ళు, సాలుకు పదహారు.
అన్ని మొలిచినయి, అన్ని ఒక్కతీరుగనే ఏడ్సుకుంట పెరుగుతున్నయి,
నడిమిట్ల మాత్రం
పన్నెండు మొక్కలు
తోటివాటిని ఇడిసిపెట్టి పైకి పోయినయి.
మిద్దె మీంచి చూస్తే
ఎవరో పచ్చటి చాప పరిచి
లేచి పోయినట్టు, నాలుగు మూలలు కొలిచినట్టు.
"కింద ఎవరినన్న పెట్టిర్రేమో" అన్నది పక్కింటి సాలమ్మ.
నవ్వుకుంటనే అన్నది గాని
ఆ పొద్దు తలుపు ఎలుగుండంగనే ఏసుకున్నది.

లింగస్వామి లారీ దిగి వచ్చేదాక ఆగుదామనుకున్న.
ఆగలే.
మొక్కల సందుల గడ్డపార పెట్టిన,
అది నా చేతిని అడగకుండ
మోకాలి లోతు పోయింది.
ఈ ఊరి మట్టి నాతో
ఎన్నడు అంత మెత్తగ మాట్లాడలే.

తోడిన.
పొయ్యి బూడిద. కొబ్బరి చిప్ప. గుడ్డ పేలికలు.
ఎర్ర పోగు ఒకటి తేలింది,
గుంజితే తెగలే, గుంజినకొద్ది వస్తనే ఉంది.
ఇంకింత తోడితే చెక్క ముక్క,
రెండు కొసలు సూదిగ, నడుమ బోలుగ,
అరిచెయ్యి తాకి తాకి నున్నగయిన చెక్క.
పిల్లల పడవ అనుకున్న.
మాది దేవరకొండ తట్టు, గొర్ల ఇల్లు.
నాడెను గుర్తుపట్టే కండ్లు నాకేడియి?

ఇల్లమ్మిన తిరందాసు అండాలుకు ఫోన్ జేసిన.
భీవండిల ఉంటది. ఎనుక మిషిన్లు ఆగయి,
ఇద్దరం ఒర్రుకుంటనే మాట్లాడుకోవాలె.
"గుంతనా? ఎంతుంటది?"
"పొడుగు రెండున్నర మూరలు, అడ్డం రెండు."
కొంచెం సేపు మిషిన్లే మాట్లాడినయి.
"అది మా మామ కాళ్ళు పెట్టుకునే జాగ" అన్నది.
"మగ్గాన్ని పొయ్యిల కట్టెల కింద ఇచ్చినం.
గుంతనెవ్వరు కొంటరు?
ఇల్లు సూడనీకొచ్చినోల్లు పడ్తరని, కప్పు గూడ పీకేసి
నేనే పూడిసిన, మూడు దినాలు.
బూడిద, పాత పడుగు, చేతికేది దొరికితే అది.
నాడె పడ్డది సూడలే."
ఊకున్నది.
మల్ల అన్నది: "కాయ లేతమీదనే తెంపు.
నారెక్కితే బర్రెలు గూడ ముట్టయి."

నాలుగు మొక్కలు పోయినయి. ఎనిమిది కాస్తున్నయి.
తోడిన సగం తోడినట్టే ఉంది.
"పూడ్సవా?" అంటడు లింగస్వామి.
ఇంక ఏం చెప్పలే.

కలుపు తీసేటప్పుడు అంచు మీద కూసుంట,
కాళ్ళు లోపలికి ఇడిసి.
అడుగున ఒక బండ తగుల్తది,
దాని మీద రెండు సొట్టలు,
నా మడిమెలకు కొంచెం పెద్దయి.
ఎండకు కాలుతున్న ఊర్ల
ఇంత సల్లటి జాగ
నా ఇంట్లనే ఉన్నదని నాకు తెల్వదు.

నాడెను కడిగి కిటికీల పెట్టిన.
భీవండి బస్సు సోమారం పోతదట,
డ్రైవరుకు ఇయ్యాల్నా, ఇస్తే ఆమె ఏం జేసుకుంటది,
అడగాలంటే ఒర్రాలె.

ఇత్తనానికని నాలుగు కాయలు చెట్టు మీదనే ముదరనిచ్చిన.
పొద్దుగాల ఒకటి తెంపబోయిన.
నారెక్కింది.
గుంజితే తెగుతలేదు.